వాగు సొర తీగ: మందా, విషమా?



చిలగడదుంప తీగను మీరందరును ఎరుగుదురు. తుంచిన చోట పాలవంటి రసము, నేలపై పాకు కాడ, ఉదయమున విచ్చి ఎండ ముదురగానే ముడుచుకొను గరాటు వంటి పూవు దాని గుర్తులు. చెరువు నీటిలో పెరుగు తూటికూర, సముద్రపు ఇసుకపై అల్లుకొను బాలబందితీగ, కాలువగట్ల మీద గుబురుగా నిలుచు లొట్టపీసు చెట్టు, ఆయుర్వేద వైద్యులు విరేచనమునకు ఇచ్చు తెల్లతెగడ, ఇవన్నియు చిలగడదుంపకు జ్ఞాతులే. ఒక కుటుంబములోనే ఒకటి ఆహారము, ఒకటి కూర, ఒకటి మందు, ఒకటి మేకలకు విషము.

ఈ కుటుంబమునకు చెందిన ఒక అడవి తీగను గురించి ఈ పాఠములో తెలిసికొందము. ఇది పశ్చిమ ఆఫ్రికాలో వాగుల వెంట పెరుగును. అక్కడి నాటువైద్యులు దానిని తరతరములుగా మందుగా వాడుచున్నారు. అదే తీగ మేసిన గొర్రెలు తల వణికించుచు పడిపోవును. ఒకే ఆకు మనిషికి మందు, గొర్రెకు విషము ఎట్లయినది? ఆ విషము అసలు ఆ తీగదేనా? శాస్త్రజ్ఞులు దీనికి కనుగొన్న జవాబు మన సజ్జచేనికి, మన మేకల మందకు, మన చిలగడదుంపల గాదెకు కూడ పనికివచ్చును. అందుచేత ఆ తీగ మీ పొలములో లేకపోయినను దాని కథ మీరు చదువదగినది.

తీగ ఎట్లుండును, ఎక్కడ పెరుగును

దీని శాస్త్రీయ నామము ఇపోమియా అసరిఫోలియా. చిలగడదుంప కూడ ఇపోమియా ప్రజాతి లోనిదే. ఈ ప్రజాతిలో ఆరువందలకు పైగా జాతులు కలవు.

ఉత్తర నైజీరియాలోను, నైజర్ దేశములోను నివసించు హౌసా ప్రజలు దీనిని 'దుమన్ రాఫీ' అందురు. దుమ అనగా సొర, రాఫీ అనగా వాగు. కాబట్టి మన భాషలో దీనిని 'వాగు సొర' అనవచ్చును. నిజమునకు సొర కుటుంబముతో దీనికి ఏ సంబంధమును లేదు. నేలపై పాకు తీరును చూచి ఆ పేరు పెట్టియుందురు.

ఇది అనేక సంవత్సరములు బ్రతుకు తీగ. కాడ నేలపై పాకుచు కణుపు కణుపునకును వేరు వేయును. అందుచేత ఒక ముక్క తెగిపడినను మరల తీగ యగును. ఆకు నునుపుగా, కొంచెము దళసరిగా, గుండ్రముగా ఉండి కాడ దగ్గర లోనికి నొక్కినట్లుండును. చూచుటకు మూత్రపిండము ఆకారమున కనబడును. పూలు గులాబి కలిసిన ఊదారంగులో గరాటువలె విచ్చును. కాయ ఎండి పగిలినప్పుడు అందులో కొలదిపాటి గింజలుండును.

మన బాలబందితీగను చూచినవారు దీనిని అదియే అనుకొనుటకు అవకాశము కలదు. భేదము తెలిసికొనుట సులభము. బాలబందితీగ ఆకు కొన చీలి మేక గిట్టవలె ఉండును. వాగు సొర ఆకు కొన చీలదు.

సెనెగల్ మొదలు నైజీరియా వరకు ఎండ తీవ్రముగల సహెల్ ప్రాంతములో వాగుల ఒడ్డున, వరద తీసిన తేమ నేలలలో, ఇసుక బీళ్లలో ఈ తీగ పెరుగును. వాగుల ప్రక్కనున్న ఇట్టి పల్లపు నేలలను హౌసా రైతులు 'ఫదమా' అందురు. వర్షములు ఆగిన పిమ్మట ఆ నేలలలో ఉల్లి, టమాటా, ఇతర కూరగాయలు పండింతురు. ఆ కాలములో మెరకలపై గడ్డి అంతయు ఎండిపోవును, వాగు సొర మాత్రము పచ్చగా నిలుచును. పచ్చగా నిలుచు ఈ గుణమే తరువాత చెప్పబోవు కష్టమునకు మూలము.

అక్కడివారు దీనిని ఎట్లు వాడుదురు

పశ్చిమ ఆఫ్రికా గ్రామములలో వైద్యుడు చేరువలో లేని చోట్లు అనేకము. అక్కడ నాటువైద్యము తెలిసిన పెద్దలే మొదటి ఆధారము. ఈ తీగ ఆకులను నూరి పుండ్లపై కట్టుదురు. ఆకులు మరగించిన నీటితో కీళ్ల నొప్పులు గలవారికి స్నానము చేయింతురు, కాపడము పెట్టుదురు. ప్రసూతి సంబంధమైన బాధలకు, స్త్రీల ఇతర రుగ్మతలకు కూడ దీనిని వాడు ఆచారము సెనెగల్ మొదలైన చోట్ల కలదు.

ఈ వాడుకలను మూఢనమ్మకములని కొట్టివేయుట తగదు. ఈ కుటుంబపు మొక్కల వేళ్లలోను గింజలలోను రోజనము వంటి పదార్థములు ఉండి ప్రేగులపై బలముగా పనిచేయును. తెల్లతెగడ విరేచనకారి యగుట ఇందువలననే. మెక్సికో దేశమున పుట్టిన జాలప్ అను మరియొక ఇపోమియా వేరును ఐరోపా వైద్యులు చాలకాలము విరేచనమునకు వాడినారు. స్త్రీల రుగ్మతలకు వాగు సొరను ఎంచుకొనిన వారికి కూడ అనుభవమే దారి చూపియుండును. ఆ తీగలో గర్భాశయముపై పనిచేయగల జాతికి చెందిన ఆల్కలాయిడ్లు కలవని తరువాత శాస్త్రజ్ఞులు చూపినారు. ఆల్కలాయిడ్లు అనగా కొద్దిపాటి తూకముననే శరీరముపై తీవ్రముగా పనిచేయు పదార్థములు. పొగాకులోని నికోటిన్, నల్లమందులోని మార్ఫిన్ ఇట్టివే.

అయితే మందులో గుణమున్నదని తెలియుట ఒకటి, దానిని క్షేమముగా వాడుట మరియొకటి. ఈ రెండింటి మధ్య దూరమెంతో గొర్రెల ఉదంతము చెప్పును.

గొర్రెలలో తల వణకు

ఇదే తీగ అట్లాంటిక్ సముద్రమునకు ఆవలి ఒడ్డున బ్రెజిల్ దేశములో కూడ పెరుగును. అక్కడ దీనిని సాల్సా అందురు. ఆ దేశపు ఈశాన్య భాగము మన రాయలసీమవలె వానలు తక్కువైన ప్రాంతము, గొర్రెలు మేకలు విస్తారముగా గల ప్రాంతము. అక్కడి పశువైద్యులు ఈ తీగ వలన కలుగు జబ్బును బాగుగా పరిశీలించి వ్రాసియుంచినారు.

మంచి మేత ఉన్నంతకాలము పశువులు ఈ తీగ జోలికి సాధారణముగా పోవు. ఎండకాలము వచ్చి గడ్డి మాడిపోయినప్పుడు పచ్చగా కనబడునది ఇది ఒక్కటే. అప్పుడు ఆకలికి తాళలేక మేయును. గొర్రెలు, అందులోను వయసులో చిన్నవి, ఎక్కువగా జబ్బుపడును. మేకలకు, ఆవులకు కూడ ఈ జబ్బు వచ్చును. అమెజాను నది ముఖద్వారమునగల మరజో దీవిలో గేదెలు కూడ దీనివలన జబ్బుపడినవి.

జబ్బు గుర్తులు ఇవి. మొదట తల సన్నగా వణకును. తరువాత తల ఇటునటు ఊగును. నడక తప్పి కాళ్లు ఎడముగా పెట్టి నిలబడును. ఊరక నిలుచున్నప్పుడు తేలికగా కనబడిన జబ్బు, తోలినప్పుడు గాని, బెదరినప్పుడు గాని హెచ్చగును. పరుగెత్తబోయి పడిపోవును. తల్లి ఈ తీగ మేసినప్పుడు ఆ పాలు త్రాగిన పిల్లలకు సైతము వణకు వచ్చిన సందర్భములు కలవు. అనగా గడ్డి కొరకని పిల్లకు కూడ విషము చేరుచున్నదన్నమాట.

తీగ మేయుట మాన్పించినచో చాలా పశువులు కొన్ని రోజులలో తేరుకొనును. చాలకాలము మేసి లేవలేని స్థితికి వచ్చినవి, నీటిలోనో గోతిలోనో పడినవి చనిపోవును. దీనికి విరుగుడు మందు లేదు. మేత మార్చుటయే చికిత్స.

విషము ఎవరిది?

ఇప్పుడు అసలు సంగతికి వచ్చితిమి. 1960లో స్విట్జర్లాండు దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ హాఫ్‌మన్ ఒక వింత సంగతిని శాస్త్రజ్ఞుల సభలో ప్రకటించినాడు. మెక్సికో ఆదివాసులు పూజలలో వాడు ఒక ఉదయపుపూల తీగ గింజలలో ఎర్గాట్ ఆల్కలాయిడ్లు ఉన్నవని అతడు చెప్పినాడు. సభలోనివారు చాలమంది నమ్మలేదు. ఏలననగా ఎర్గాట్ ఆల్కలాయిడ్లు అంతవరకు శిలీంధ్రములలోనే, అనగా బూజు జాతిలోనే కనబడినవి. రై అను ధాన్యపు వెన్నులలో గింజకు బదులు పెరుగు నల్లని కొమ్ముల వంటి శిలీంధ్రమునకే ఎర్గాట్ అని పేరు. పూలమొక్కకు బూజు పదార్థము ఎక్కడిది? హాఫ్‌మన్ ప్రయోగశాలలో ఏదో కలిసిపోయి యుండునని కొందరు అనుమానించినారు.

హాఫ్‌మన్ లెక్క తప్పలేదు, అనుమానపడినవారి తర్కమును పూర్తిగా తప్పు కాదు. ఆ చిక్కు విడుటకు నాలుగు దశాబ్దములకు పైగా పట్టినది, దానిని విప్పినది మన వాగు సొర తీగయే. జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు ఈ తీగకు శిలీంధ్రనాశక మందు వాడి చూచినారు. ఆకుపైనున్న బూజు పోయినది. దానితోపాటు ఆకులలోని ఎర్గాట్ ఆల్కలాయిడ్లు కూడ కనబడకుండ పోయినవి. ఈ ఫలితము 2004లో ప్రకటింపబడినది. ఆల్కలాయిడ్లను తయారుచేయునది తీగ కాదనియు, తీగపై కాపురమున్న శిలీంధ్రమనియు దీనివలన తేలినది.

2011లో ఆ శిలీంధ్రమునకు పెరిగ్లాండులా ఇపోమియే అని పేరు పెట్టినారు. ఎర్గాట్ శిలీంధ్రము ఏ కుటుంబమునకు చెందినదో ఇదియు ఆ కుటుంబమునకే చెందినది. లేత ఆకు పైభాగమున నూనె ఊరు చిన్న గ్రంథులను ఆనుకొని ఇది పెరుగును. ఇంకను విప్పుకొనని లేత ఆకును తెరచి చూచినచో తెల్లని పొరవలె కంటికి కనబడును. మొక్కకు తెగులు తెచ్చినట్లు మచ్చలుగాని కుళ్లుగాని ఉండవు. గింజలో చేరి తల్లినుండి పిల్లకు వచ్చును. అనగా కౌలుదారు వంటిది కాదు, వంశపారంపర్యముగా ఇంటిలోనే ఉండు పాలేరు వంటిది. తీగ దానికి ఆహారమిచ్చును. అది తయారుచేయు చేదు విషము పురుగులను, మేసెడి జంతువులను దూరముగా ఉంచునని శాస్త్రజ్ఞుల అభిప్రాయము.

గొర్రెల వణకుకు కారణము వేరొక జాతి పదార్థములు. 2017లో ఈ తీగలో ఇండోల్ డైటర్పీన్లు అను పదార్థములను గుర్తించినారు. కొన్ని గడ్డిజాతులలో నివసించు శిలీంధ్రములు కూడ ఈ జాతి పదార్థములనే తయారుచేసి పశువులకు ఇట్టి వణకునే తెచ్చును. పెరిగ్లాండులాలో ఈ పదార్థములను తయారుచేయుటకు కావలసిన జన్యువులు కూడ ఉన్నవి. కాబట్టి మందు గుణమునకును, వణకు విషమునకును జాడ ఆ కంటికానని పాలేరు వద్దకే చేరుచున్నది.

ఇంతటితో ఈ పరిశోధన ముగియలేదు. 2025లో అమెరికాలోని పశ్చిమ వర్జీనియా విశ్వవిద్యాలయము వారు ఇండ్లలో పెంచు నీలి ఉదయపుపూల తీగలో ఇదే ప్రజాతికి చెందిన మరియొక శిలీంధ్రమును కనుగొని ప్రకటించినారు. హాఫ్‌మన్ కాలము నుండి వెదకుచున్నది అప్పటికి దొరికినది.

మోతాదు ఏల తెలియదు?

మీలో కొందరు ఇట్లు అడుగవచ్చును: "మా తాతల కాలము నుండి ఆకు పసరులు వాడుచున్నాము, ఏమి చెరుపు జరిగినది?" ఈ ప్రశ్న న్యాయమైనది. జవాబు చెప్పవలసినదే.

మొదటి సంగతి. మందునకు ప్రాణము తూకము. పైని చెప్పిన ఎర్గాట్‌నే చూడుడు. ఐరోపాలో మంత్రసానులు దానిని కాన్పుకు చాలకాలము వాడినారు. కొందరికి మేలయినది, కొందరు తల్లులకు, బిడ్డలకు ప్రాణాపాయము కలిగినది. నల్లని కొమ్ము ఒకటే అయినను ఒకదానిలో సత్తువ ఎక్కువ, మరియొకదానిలో తక్కువ. 1935లో అందులోని ఎర్గోమెట్రిన్ అను పదార్థమును వేరుచేసిన తరువాతనే దానిని తూచి ఇచ్చుటకు వీలైనది. నేడు ఆసుపత్రులలో కాన్పు అయిన పిమ్మట రక్తస్రావమును ఆపుటకు దానిని వాడుచున్నారు. కాన్పునకు ముందు ఇచ్చినచో అదే మందు బిడ్డకు ప్రాణాంతకము. సూదిమందు సీసాపై తూకము వ్రాసి ఉండును. ఆకుపై తూకము వ్రాసి ఉండదు.

రెండవ సంగతి. ఆకులోని సత్తువ ఆకుది కానప్పుడు, ఆ ఆకు గుర్తు పట్టుట వలన మాత్రము ఏమి తెలియును? శిలీంధ్రము ఉన్న తీగ, లేని తీగ మన కంటికి ఒకే మాదిరిగా ఉండవచ్చును. ఒకే మొక్కలో లేత ఆకు, ముదురు ఆకు, గింజ, వీటిలో సత్తువ సమానముగా ఉండదు. నిన్న గుప్పెడాకు ఏమియు చేయలేదు కాబట్టి నేడును చేయదని చెప్పుటకు వీలులేదు.

మూడవ సంగతి. వెంటనే కనబడిన మేలును మనము మందుకు జమకట్టుదుము. నెల తరువాత గర్భము పోయినచో దానిని మందు ఖాతాలో వ్రాయము, విధి అందుము. కాబట్టి చెరుపు జరుగలేదనుట కన్న చెరుపును లెక్క వేయలేదనుట సరియైనది. గర్భిణి స్త్రీలు, పాలిచ్చు తల్లులు, పసిపిల్లలు ఈ కుటుంబపు అడవి తీగల కషాయములను ఎట్టి పరిస్థితిలోను లోనికి పుచ్చుకొనరాదు.

మన పొలములలో ఇట్టి పాలేరులు

వాగు సొర కథ దూరదేశపు వింత అని విడిచిపెట్టకుడు. మన చుట్టును ఇట్టివి మూడు కలవు.

ఒకటి సజ్జలో తేనెబంక తెగులు. పూత సమయమున వాన ముసురు పట్టినచో కంకిపై తేనెవంటి జిగురు కారును. తరువాత గింజకు బదులు నల్లని గట్టి ముద్దలు ఏర్పడును. ఇదియు ఎర్గాట్ శిలీంధ్రమే, పెరిగ్లాండులాకు జ్ఞాతియే. ఈ ముద్దలు కలిసిన సజ్జలు తిన్నవారికి వికారము, వాంతులు, తలత్రిప్పుట, మగత కలుగును. 1975లో రాజస్థాన్ గ్రామములలో ఇట్లు జరిగినప్పుడు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు దానిని పరిశీలించి కారణమును నిర్ధారించినారు. సజ్జలను ఉప్పునీటిలో వేసి కలిపినచో మంచి గింజ మునుగును, తెగులు ముద్దలు, తాలు పైకి తేలును. తేలిన వాటిని తీసి పశువులకు గాని కోళ్లకు గాని వేయక నాశనము చేయవలెను. మునిగిన గింజలను మంచినీటితో రెండు మూడు మారులు కడిగి నీడలో ఆరబెట్టి విత్తుకొనవలెను.

రెండవది లొట్టపీసు. ఇది అమెరికా ఖండపు ఉష్ణప్రాంతముల నుండి వచ్చిన మొక్క. కంచెగా నాటిన చోటనుండి కాలువలకు, చెరువులకు ప్రాకినది. దీనిలో స్వైన్‌సొనైన్ అను విషము కలదు. ఆ విషమును కూడ మొక్కలో నివసించు ఒక శిలీంధ్రమే తయారుచేయునని 2013లో తేలినది. అది పెరిగ్లాండులా కాదు, వేరొక కుటుంబమునకు చెందినది. కరవు కాలములో లొట్టపీసుకు అలవాటుపడిన మేక తరువాత మంచి మేత ఉన్నను దానినే వెదకికొని పోవును. క్రమముగా చిక్కిపోవును, వెనుక కాళ్లు పట్టు తప్పును, తల వణకును. ఎక్కువకాలము మేసినచో నరములకు కలిగిన చెరుపు తిరిగి బాగుపడదు. ఈ తేడాను గుర్తుంచుకొనవలెను: వాగు సొర మేసిన గొర్రె మేత మార్చినచో చాలవరకు తేరుకొనును, లొట్టపీసుకు మరగిన మేకకు ఆ ఆశ తక్కువ.

మూడవది మనము ఇష్టపడి తిను చిలగడదుంపయే. మంచి దుంప, మంచి తీగ పశువులకు మేలైన మేత. కాని దెబ్బతిని బూజుపట్టిన దుంపలో, బూజునకును దుంపకును జరుగు పెనుగులాటలో ఒక విషము పుట్టును. అట్టి దుంపలు తిన్న పశువులకు ఊపిరితిత్తులలో నీరు చేరి, మెడ సాచి నోటితో గాలి పీల్చుచు కొన్ని రోజులలోనే చనిపోవుట కలదు. ఉడికించినచో ఈ విషము పోవునని నమ్మరాదు. బూజుపట్టిన దుంపలను "పారవేయుట ఎందుకు, గొడ్డుకు వేయుదము" అనుకొనుట కోడె ఖరీదుకు దుంప ఖరీదు మిగుల్చుకొనుట వంటిది.

మీరు చేయవలసినవి

1. వేసవిలో మందను క్రొత్త చోటికి తోలుకొని పోవునప్పుడు, ముందుగా ఒకరు నడచి పచ్చగా నిలిచినది ఏ మొక్కయో చూడవలెను. ఎండలో అదొక్కటే పచ్చగా ఉన్నచో, ఇతర పశువులు దానిని ఏల మేయలేదని ప్రశ్నించుకొనవలెను.

2. ఆకలితో ఉన్న మందను గరాటు పూల అడవి తీగలున్న చోటను, లొట్టపీసు గట్ల మీదను విడువరాదు. ముందుగా కొంత ఎండుమేత పెట్టి తరువాత తోలవలెను.

3. తూటికూర తినదగినది. అయినను దానిని పోలిన తీగలన్నియు తినదగినవని తలపరాదు. పిల్లలకు ఈ తీగల గింజలతో ఆడుకొనుట అలవాటు చేయరాదు.

4. తల వణకు, నడక తప్పుట కనబడిన పశువును వెంటనే ఆ మేతనుండి తప్పింపవలెను. పరుగెత్తింపరాదు, బెదరింపరాదు. బావి, చెరువు, గోతులు లేని నీడపట్టున ఉంచి మంచి మేత, నీరు అందుబాటులో పెట్టవలెను. పిల్లలకు జబ్బుపడిన తల్లి పాలు మాన్పించి వేరొక పాలు పట్టవలెను. పశువైద్యుని పిలిచి, మేసిన మొక్క కొమ్మను పూలతో సహా చూపవలెను. తల వణకు ఇతర జబ్బులలో కూడ వచ్చును కాబట్టి మొక్కను చూపుట చాల ముఖ్యము.

5. లొట్టపీసును పెరికివేయునప్పుడు నరికిన కొమ్మలను తడినేలపై పడవేయరాదు, మరల చిగురించును. ఎండబెట్టి తగులబెట్టవలెను. మేకలు వాడిన కొమ్మలను కూడ తినకుండ చూడవలెను. ఎండినంత మాత్రమున విషము పోదు.

6. శిలీంధ్రము వలన విషము కలుగుచున్నది కాబట్టి శిలీంధ్రనాశని చల్లి ఆ తీగను మేపవచ్చునని ఎవ్వరును తలపరాదు. ప్రయోగశాలలో జరిగినది పరిశీలన కొరకు మాత్రమే. చల్లిన మందు కూడ పశువు కడుపులోనికే పోవును. ఈ కుటుంబపు రోజనములు మొక్కవే, అవి మందు చల్లినను పోవు.

7. పెద్దలకు తెలిసిన ఆకుమందుల పేర్లు, వాడుకలు వ్రాసిపెట్టుకొనుడు. అవి విలువైనవి. ఎర్గోమెట్రిన్ వంటి మందులకు మంత్రసానుల అనుభవమే మొదట దారి చూపినది. కాని కడుపులోనికి పుచ్చుకొనుటకు ముందు అర్హత గల వైద్యుని అడుగవలెను. వాడియున్నచో ఆసుపత్రికి పోయినప్పుడు దాచక చెప్పవలెను.

గ్రామ చర్చామండలిలో అడుగదగిన ప్రశ్నలు

వాగు సొర ఆకును బాలబందితీగ ఆకునుండి ఎట్లు వేరుపరచవచ్చును? గడ్డి లభించు కాలములో మేయని తీగను పశువు వేసవిలో ఏల మేయును? శిలీంధ్రమును పోగొట్టినప్పుడు ఆకులోని ఆల్కలాయిడ్లు కూడ పోవుట వలన ఏమి తెలిసినది? మీ ఊరిలో లొట్టపీసు ఎక్కడెక్కడ కలదు, ఏ మందలు ఆ దారిని పోవుచున్నవి? గత ఖరీఫులో మీ సజ్జ కంకులలో నల్లని ముద్దలు కనబడినవా, వాటిని ఏమి చేసినారు?

చివరి రెండు ప్రశ్నలకు జవాబు పుస్తకములో దొరకదు. ఈ వారములోనే కాలువగట్టు వెంట ఒకసారి నడచి, విత్తనపు గాదెను ఒకసారి తెరచి చూచి, జవాబులు వ్రాసికొని మండలికి రండు.